చిన్నప్పుడు స్టేజీ ఎక్కితే పెద్దయ్యాక ఉద్యోగంలో ఏం మిగులుతుంది?

మల్కాజిగిరి_నాన్న
ఏ కాలనీలో చూసినా ఫ్లెక్సీలే. డ్యాన్స్, డ్రామా, యాంకరింగ్, "మీ పిల్లలను రేపటి లీడర్లుగా తీర్చిదిద్దుతాం". పాప ఆరో తరగతి. కూచిపూడి నేర్చుకుంటోంది, ఇప్పుడు నాటకం కూడా మొదలైంది. ఇంట్లో పెద్దవాళ్లు "ఫౌండేషన్ క్లాసులు వచ్చేస్తున్నాయి, ఇవన్నీ మాన్పించెయ్" అంటారు. అకాడమీ వాళ్లేమో స్టేజీ ఎక్కితే చాలు, జీవితం సెటిలైపోయినట్టే మాట్లాడతారు. రెండూ నమ్మబుద్ధి కావట్లేదు. చిన్నప్పటి స్టేజీ అనుభవం రేపు వృత్తిలో ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. "కాన్ఫిడెన్స్ వస్తుంది" అని మాత్రం అనకండి, అది ఫ్లెక్సీ మీదే ఉంది.

చాయ్_బిస్కట్
కాన్ఫిడెన్స్ వస్తుంది.

తెరవెనక
ఎన్నిసార్లు స్టేజీ ఎక్కారన్న లెక్క పక్కన పెట్టండి. రిహార్సల్‌లో ఏం జరిగింది అన్నదే అసలు సంగతి.

20 నిమిషాల పిల్లల నాటిక సరిగ్గా తయారవ్వాలంటే ఆరు వారాలు పడుతుంది. వారానికి మూడు రోజులు, రోజుకు గంటన్నర. మొదటి వారం చుట్టూ కూర్చుని చదవడమే. రెండు, మూడు వారాలు మూవ్‌మెంట్లు: ఎవరు ఏ వింగ్ నుంచి వస్తారు, ఏ మాట మీద లేస్తారు, ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు ఎక్కడ నిలబడతారు. నాలుగో వారానికి చేతిలో కాగితం ఉండకూడదు, మర్చిపోయిన మాట పక్కనుంచి అందించే ప్రాంప్టర్ ఉంటాడు. ఐదో వారం ప్రాంప్టర్‌నీ తీసేస్తాం. ఆరో వారం లైట్లు, మైకులు, దుస్తులతో గ్రాండ్ రిహార్సల్.

రేపు ఆఫీసులో పనికొచ్చేదంతా ఆ నాలుగు, ఐదు వారాల్లోనే ఉంది. అందరి ముందూ ఆపి "మళ్లీ చెప్పు" అంటే ముఖం మాడ్చుకోకుండా అదే డైలాగు ఏడోసారి చెప్పడం. పక్కవాడు రెండు లైన్లు మింగేస్తే మూడో లైను నుంచి కథ అందుకోవడం. తన పోర్షన్ లేని ముప్పావుగంట ఫోను చూడకుండా కూర్చోవడం. ఇవి పుస్తకంతో రావు.

ఇక స్కూల్ యాన్యువల్ డే డ్యాన్సు సంగతి. మూడు నిమిషాల రికార్డెడ్ పాట, వారం ప్రాక్టీసు, స్టేజీ కింద టీచరు నిలబడి చేస్తుంటే పిల్లలు ఆవిడను చూసి చేస్తారు. సరదాకి మంచిదే. పదేళ్లు చేసినా పైన చెప్పినవేవీ రావు.

హెచ్ఆర్_మాదాపూర్
తెరవెనక గారి మాటకు ఇంటర్వ్యూ గదిలోంచి కొనసాగింపు.

స్టేజీ అలవాటున్న ఫ్రెషర్‌ని మొదటి నిమిషంలో గుర్తుపట్టడం కష్టం. అందరూ ఆ నిమిషం బట్టీపట్టే వస్తారు. తేడా తెలిసేది మధ్యలో ఆపినప్పుడు. "అది వదిలెయ్, ఈ ప్రాజెక్టులో నీ పని ఏంటి?" అనగానే కొందరు మళ్లీ "మై ప్రాజెక్ట్ టైటిల్ ఈజ్" దగ్గర నుంచి మొదలెడతారు. నాటకం చేసినవాళ్లు ఆగి, విని, అక్కడినుంచే అందుకుంటారు. ఎలొక్యూషన్ మాత్రమే చేసినవాళ్లు ఎక్కువగా మొదటి రకంలో పడతారు. వాళ్లకు అడ్డు తగిలే మనిషి స్టేజీ మీద ఎప్పుడూ ఉండడు మరి.

చెడు అలవాట్లూ వస్తాయి. అకాడమీలు చెప్పనివి ఇవే:

ఎలొక్యూషన్ రాగం. ప్రతి వాక్యం చివర ఒకే రకంగా గొంతు లేపడం, చెయ్యి చాచడం. క్లయింట్ కాల్‌లో రెండు నిమిషాలకే అవతలివాళ్లు మ్యూట్‌లో నవ్వుకుంటారు.

మాట మాట కంఠతా పట్టడం. ఒక్క స్లయిడ్ తీసేస్తే మొత్తం కూలిపోతుంది. విరుగుడు చిన్నప్పుడే చెయ్యొచ్చు. ఒకే విషయాన్ని మూడు నిమిషాల్లో, ఒక నిమిషంలో, 20 సెకన్లలో చెప్పించండి. ఒకే రోజు, వరసగా. 20 సెకన్లది రాని పిల్లకు మూడు నిమిషాలదీ అర్థం కాలేదన్నమాట.

మూడోది, మెచ్చుకోలు ఆకలి. ఆఫీసులో ఎవరూ చప్పట్లు కొట్టరు. బాగా చేసిన పనికి వచ్చే రిప్లై "నోటెడ్".

రెజ్యూమె సంగతి కూడా: "40 ప్రదర్శనల్లో పాల్గొన్నాను" అంటే మాకేం తెలియదు. "12 మంది నాటికకు స్టేజ్ మేనేజర్, ఆరు వారాల రిహార్సల్ షెడ్యూల్ నాదే" అని ఉంటే నాలుగు ప్రశ్నలు దాని మీదే పడతాయి.

చాయ్_బిస్కట్
"నోటెడ్" కూడా రాని టీముల్లో ఉన్నవాళ్లం మేము.

వాదన_వాసు
అందరూ ఒకటే పాట పాడుతున్నారు. ఒక అనుమానం. నాటకం క్లాసుకి పంపగలిగే ఇల్లు ఎలాంటిది? మంచి స్కూలు, ఇంట్లో పుస్తకాలు, దింపి తీసుకురావడానికి ఒక మనిషి. ఆ పిల్ల స్టేజీ ఎక్కకపోయినా బాగానే సెటిలయ్యేది. క్రెడిట్ మాత్రం స్టేజీకి. ఇంకోటి, సత్య నాదెళ్ల హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో ఆడిన క్రికెట్ నుంచి టీమ్ సంగతులు నేర్చుకున్నానని చెప్తాడు. మరి గ్రౌండుకి పంపితే చాలదా? ఫీజు కూడా మిగుల్తది.

తెరవెనక
వాసూ, మొదటి పాయింటు ఒప్పుకోవాల్సిందే. రెండోది సగం. కలిసి పనిచెయ్యడం, ఓడిపోవడం క్రికెట్‌లోనూ వస్తాయి. గొంతు, మాట, ముఖం నలుగురి ముందూ పనిముట్లుగా వాడటం గ్రౌండులో రాదు. టీచరు, లాయరు, సేల్స్, యాంకరు, డాక్టరు లాంటి మాటతో నడిచే వృత్తులకు స్టేజీ వల్ల వచ్చే లాభం వేరు. రోజంతా కోడ్ రాసుకునేవాడికి ఆ లాభం తక్కువే, అబద్ధం ఎందుకు.

గల్లీ_డప్పు
వాసన్నా, ఫీజుల ముచ్చట అకాడమీలకే. పబ్లిక్ గార్డెన్స్‌ల జవహర్ బాలభవన్ ఉన్నది, రాంకోఠిల త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉన్నది. ప్రైవేటోళ్లు గుంజే పైసలతోని పోలిస్తే అక్కడ అయ్యేది చానా తక్కువ. పదేండ్ల నుంచి 14 దాకా ఉన్న పిల్లలకు సీసీఆర్టీ, అంటే కేంద్ర సాంస్కృతిక శాఖ సంస్థ, దాని స్కాలర్‌షిప్ కూడ ఉంటది, దాని ప్రాంతీయ ఆఫీసు మాదాపూర్‌లనే.

ఇంకో మాట. మనోళ్ల కళలల్ల పిల్లలకు ఇచ్చే పని చూడుర్రి. బుర్రకథల మెయిన్ కథకుడు ఒక్కడే, పక్కన ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కొత్తోడు వంతల నిలవడ్తడు. పని ఏంది? కథకుడు ఎక్కడ ఊపిరి తీస్కుంటడో అక్కడ అందుకునుడు, ఎక్కడ జనం సల్లవడ్తరో అక్కడ ఒక ప్రశ్న ఏసుడు. అంటే ఇనుడే అసలు పని. మీటింగుల ఇనేటోడు ఎంతమంది ఉన్నరో మీకే తెల్సు. ఒగ్గుకథల చుక్క సత్తయ్య లాంటోళ్లు ఒక్కరే పది పాత్రలు మారుస్తుంటే ఎనక డోలు కొట్టేటోళ్లు ఆ మార్పుని కంటితోని పట్టుకోవాలె. పిల్లగాడిని హీరో ఏషానికి పంపుడు కాదు, ఫస్ట్ వంతకు పంపుర్రి.

హెచ్ఆర్_మాదాపూర్
గల్లీ_డప్పు అన్నా, ఈ వంత పాయింటు కొట్టేసి ట్రైనింగ్ స్లయిడ్‌లో పెడుతున్నా.

గల్లీ_డప్పు
పెట్టుర్రి. చాయ్ పంపుర్రి.

గజ్జెల_మూట
కూచిపూడి అన్నారు కాబట్టి డ్యాన్స్ వైపు నుంచి.

తరంగం అంటే ఇత్తడి పళ్లెం మీద నిలబడి చేసేదని అందరికీ తెలుసు. పళ్లెం అంచుని కాలివేళ్లతో, మడమతో పట్టుకుని జరపాలి, పైన చేతులు, కళ్లు వేరే పని చెయ్యాలి, తాళం లోపల నడుస్తూనే ఉండాలి. జారితే? ఆగకూడదు. పాదం కింద పెట్టి, ఆ ఆవర్తం (తాళం ఒక చుట్టు) అయ్యేదాకా నేల మీద చేసి, తరువాతి సమం (తాళం మొదటి దెబ్బ) దగ్గర పళ్లెం ఎక్కాలి. తప్పుని ఎక్కడ సర్దాలో తెలియడం అంటే ఇదే. తప్పు జరిగిన చోటే సర్దబోతే రెండో తప్పు జరుగుతుంది.

ఈ పాఠం సీడీ మీద చేసేవాళ్లకు సగమే వస్తుంది. సీడీ ఎవరి కోసమూ ఆగదు, వెంటపడి పట్టుకోవడం ఒక్కటే మార్గం. లైవ్‌లో నట్టువాంగం చేసే, అంటే తాళం వేస్తూ నడిపించే గురువు కనిపెట్టి జతి (అడుగుల మాటలు) ఒకసారి ఎక్కువ చెప్తారు, మృదంగం నింపుతుంది. పిల్ల ఆ సహాయాన్ని అందుకోవడం నేర్చుకోవాలి. కాబట్టి ఏడాదికి ఒక్కటైనా లైవ్ ఆర్కెస్ట్రాతో చేయించే గురువుని వెతకండి, పెద్ద హాలు అక్కర్లేదు.

రంగప్రవేశానికి, అంటే మొదటి పూర్తి సోలో ప్రదర్శనకు తొందరపడొద్దు. పూర్వరంగం, జతిస్వరం, శబ్దం, భామాకలాపం ప్రవేశ దరువు, తరంగం, పదం, తిల్లానా, మంగళం. ఇవన్నీ కలిపి గంటన్నర నుంచి రెండు గంటలు ఒక్క పిల్ల మొయ్యాలి. 12 ఏళ్లకే చేయించి వీడియో తీయించుకుని అక్కడితో ఆపేసేవాళ్లు కొల్లలు. ఖర్చు పెళ్లి ఖర్చులా తేలుతుంది: హాలు, పక్కవాయిద్యాలు, మేకప్, మూడు సెట్ల దుస్తులు, భోజనాలు. ఆ డబ్బుతో నాలుగేళ్ల పాఠాలు వస్తాయి.

మాట_మైకు
డబ్బింగ్, సౌండ్ వైపు నుంచి రెండు ముక్కలు. పిల్లల నాటకాల్లో వినిపించే పెద్ద లోపం గొంతు చిన్నగా ఉండటం కాదు, వాక్యం తోక పడిపోవడం. మన భాషలో క్రియ చివర్లో వస్తుంది. "నిన్న నాన్నగారు మీ ఇంటికి" దాకా గట్టిగా చెప్పి ఊపిరి అయిపోయి "రాలేదు" మింగేస్తారు. ప్రేక్షకుడికి వచ్చాడో రాలేదో తెలియదు. అలాగే పెరిగిన వాళ్లే మీటింగుల్లో "ఈ రిలీజ్ శుక్రవారానికి..." అని గాల్లో వదిలేస్తారు.

సర్దే పద్ధతి: లైను చివరి మాట నుంచి వెనక్కి నేర్పాలి. ముందు "రాలేదు". తరువాత "మీ ఇంటికి రాలేదు". తరువాత పూర్తి వాక్యం. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో స్క్రిప్టులో పెన్సిల్‌తో నిలువు గీత పెట్టాలి, పెన్నుతో కాదు, మూడో వారానికి ఎలాగూ మారుతుంది.

ఒత్తులు, ళ-ల, ణ-న, శ-ష-స తేడాలు 10, 12 ఏళ్లలోపు చెవికి పడితే తేలిగ్గా నిలుస్తాయి. పెద్దయ్యాక డబ్బింగ్‌కి వచ్చేవాళ్లతో ఎక్కువ టైము వీటికే పోతుంది.

మైకు: చేతి మైకు నోటికి రెండు మూడు వేళ్ల దూరం, సూటిగా కాకుండా కొంచెం వాలుగా. అప్పుడు ప, బ, భ దగ్గర "ఫట్" మనదు. జాలీని అరచేత్తో మూస్తే కీచుమంటుంది, పిల్లలందరూ సినిమా సింగర్లను చూసి అదే చేస్తారు. హెడ్‌సెట్ మైకు అయితే నోటి మూల దగ్గర, బుగ్గ మీద ఉండాలి, పెదాల ముందు కాదు.

చాయ్_బిస్కట్
మా మేనేజర్ క్రియ చెప్పడు, డెడ్‌లైన్ మాత్రం చెప్తాడు.

పృచ్ఛకుడు_8
హెచ్ఆర్ మేడమ్ "మధ్యలో ఆపడం" అన్నారు చూశారా, దానికి మన దగ్గర ఒక ప్రక్రియే ఉంది. ఒకేసారి ఎనిమిది మంది అడిగేవాటికి జవాబిచ్చే అష్టావధానంలో సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి లాంటివాటితో ఒక పక్క పద్యం నడుస్తుంటే, అప్రస్తుత ప్రసంగం చేసేవాడు పిచ్చి ప్రశ్నలు వేసి తోవ తప్పిస్తాడు. అవధాని నవ్వుతూ జవాబిచ్చి, పద్యాన్ని వదిలిన అక్షరం దగ్గరే అందుకోవాలి.

పిల్లలకు పద్యాలు కట్టడం అక్కర్లేదు. వచ్చిన పద్యమే చదువుతుండాలి, పక్కవాడు ఒక్కో పాదం తరువాత "టిఫినేంటి?" లాంటి ప్రశ్న వెయ్యాలి, జవాబు చెప్పి తరువాతి పాదం అందుకోవాలి. తొందరపెట్టొద్దు, తప్పితే మొదటి పాదానికి పంపొద్దు, ఆగినచోటి నుంచే. రోజుకు ఐదు నిమిషాలు చాలు.

వాదన_వాసు
"టిఫినేంటి" బాగుంది గానీ, నా అసలు ప్రశ్నకు ఎవరూ రాలేదు. కళనే వృత్తి చేసుకుందామనుకున్నవాళ్ల సంగతేంటి? చిన్నప్పుడు స్టార్లు అనిపించుకున్నవాళ్లు 20 దాటాక ఎంతమంది కనిపిస్తున్నారు?

ఆరున్నర_శ్రుతి
సంగీతంలో కనిపిస్తారు, కానీ అది మీరనుకున్నంత సాఫీ కాదు. బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్లకే కచేరీ చేశారు. పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో వాయించేటప్పటికి తొమ్మిదేళ్లు. ఇద్దరూ చివరిదాకా నిలిచారు. అయితే వాయిద్యానికి గొంతు మారడం అనే గండం లేదు, గాత్రానికి ఉంది.

మగపిల్లలకు 12, 15 ఏళ్ల మధ్య గొంతు సుమారు ఒక స్థాయి కిందికి దిగుతుంది. అప్పటిదాకా ఐదు, ఐదున్నర శ్రుతిలో (అంకె పెరిగితే గొంతు ఎత్తు) పాడినవాడు చివరికి ఒకటి, రెండు శ్రుతులకు వస్తాడు. మధ్యలో కొన్ని నెలలు ఏ శ్రుతీ నిలబడదు, పై షడ్జం దగ్గర విరుగుతుంది. అప్పుడు టీవీ పోటీల కోసం పాత శ్రుతిలోనే లాగించడం పెద్ద తప్పు. ఆ కాలంలో చేయించాల్సినవి: మధ్యస్థాయి పంచమం దాటని సాధన, 15, 20 నిమిషాల చొప్పున, మధ్యలో విరామం. నెలకోసారి శ్రుతి మళ్లీ చూసుకోవడం. మిగతా టైములో స్వరం రాయడం, తాళం, వీణో వయొలినో. కచేరీలు బాగా తగ్గించాలి. ఆడపిల్లలకూ మారుతుంది, తక్కువగా, రెండు మూడు స్వరాలు. కొంచెం గాలి గొంతులా వినిపిస్తుంది, సర్దుకుంటుంది.

ఆ మార్పు అయ్యేదాకా ఓపిక పట్టనివాళ్లే "చిన్నప్పుడు బాగా పాడేవాడు" అనిపించుకుంటారు.

స్వరపేటిక
పై పోస్టుకి అనుబంధం. బొంగురు రెండు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీకి చూపించాల్సిందే, మిరియాల కషాయంతో కాలం గడపొద్దు. పిల్లల్లో అరుపుల వల్ల స్వరతంత్రుల మీద చిన్న బుడిపెలు రావడం మామూలే, ఎక్కువగా విశ్రాంతితో, స్పీచ్ థెరపీతో తగ్గుతాయి. గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కాదు, మెల్లగా మామూలు గొంతుతో మాట్లాడాలి. నీళ్లు రోజంతా తాగాలి, స్టేజీ ఎక్కే ముందు గ్లాసుడు గటగటా తాగితే గొంతుకు ఏమీ కాదు, వేరే ఇబ్బంది అవుతుంది.

తెరవెనక
నటన వైపు వాసు ప్రశ్నకు. బాలనటుడికి, పెద్ద నటుడికి మధ్య ఒక ఖాళీ వస్తుంది. ముఖం మారుతుంది, గొంతు మారుతుంది, పిల్లల వేషానికి ఎక్కువ, పెద్ద వేషానికి తక్కువ. ఆ ఖాళీలో ఏం చేశారన్నదే తేలుస్తుంది. కమల్‌హాసన్ 1960లో బాలనటుడు. మధ్యలో నాటక సమాజంలో పనిచేశాడు, డ్యాన్స్ మాస్టర్ దగ్గర అసిస్టెంటుగా చేశాడు. ఆ తరువాతే హీరో. తేజ సజ్జా 1998లో తెరమీదికి వస్తే హీరోగా సినిమా 2021లో. అంజలీదేవి కాకినాడ నాటకాల నుంచి వచ్చి, నటన ఒక్కటే కాదు, నిర్మాణమూ చూసుకుంది.

సురభి వాళ్ల పద్ధతి ఈ విషయంలో చాలా తెలివైనది. 1885లో కడప జిల్లా సురభిలో కీచకవధతో మొదలైన కుటుంబ సమాజం, ఇప్పుడు శేరిలింగంపల్లిలో ఉంటున్నారు. అక్కడ పిల్లలు బాలకృష్ణుడు, ప్రహ్లాదుడు, లోహితాస్యుడు వేస్తారు. వేషానికి ఎత్తు మించిపోతే ఇంటికి పంపరు. తెరలు లాగడం, మాయాబజార్‌లో మాయల కోసం వైరు పని, హార్మోనియం, మేకప్, ఏదో ఒకటి అప్పజెబుతారు. వేషం లేని పిల్ల కూడా షోలోనే ఉంటుంది. మళ్లీ వేషానికి తగ్గ వయసు వచ్చేసరికి నాటకం మొత్తం తెలిసి ఉంటుంది.

మీ పాపకు కూడా 13, 14 ఏళ్లప్పుడు ఇదే వర్తిస్తుంది నాన్నగారూ. వేషాలు తగ్గితే ప్రాంప్టింగ్, సౌండ్ ఆపరేటింగ్, చిన్నపిల్లలకు అడుగులు దిద్దడం ఇప్పించండి.

గజ్జెల_మూట
అడుగులు దిద్దడానికి ఒక్క నియమం: పెద్దపిల్ల చిన్నపిల్లకు ఒక్క తప్పు మాత్రమే చెప్పాలి, ఒకసారికి. మూడు చెప్తే ఏడుపే. టీమ్ లీడు అయ్యాక కూడా పనికొస్తుంది, హెచ్ఆర్ గారు దీన్నీ స్లయిడ్‌లో పెట్టుకోవచ్చు.

చాయ్_బిస్కట్
ఎన్టీఆర్ కాలేజీ నాటకంలో ఆడవేషం వేస్తూ మీసం తియ్యనంటే మీసాల నాగమ్మ అని పేరొచ్చింది కదా. డైరెక్టర్ మాట వినని ఈ కేసు ఏ లెక్కలోకి వస్తుంది తెరవెనక గారూ?

తెరవెనక
ఎన్టీఆర్ లెక్కలోకి వస్తుంది. మీ వాడు ఎన్టీఆర్ అయితే మీసం ఉంచేయండి.

నల్లకోటు
సినిమా, సీరియల్, యాడ్, రియాలిటీ షో ఆఫర్ వస్తే ముందు చూసుకోవాల్సినవి చెప్తా. ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. 14 ఏళ్లలోపు పిల్లలకు బాలకార్మిక చట్టం కింద 2017లో సవరించిన రూల్స్ ఉన్నాయి. రోజుకు ఐదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు మించకూడదు. వరసగా 27 రోజులు మించి పని చేయించకూడదు. నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి, అంటే మన దగ్గర కలెక్టర్ ఆఫీసు, ఫారం సీలో హామీ ఇవ్వాలి. ఆ హామీ ఆరు నెలలే చెల్లుతుంది. ఐదుగురు పిల్లలకు ఒక బాధ్యుడు ఉండాలి. చదువు ఆగకుండా ఏర్పాటు నిర్మాతదే. పిల్ల సంపాదనలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో పిల్ల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి, మేజర్ అయ్యాకే చేతికి వస్తుంది. పిల్లకు ఇష్టం లేకుండా చేయించకూడదని కూడా రూలులోనే ఉంది.

"మన దగ్గర ఇవన్నీ ఎవరు చూస్తారండీ" అని కోఆర్డినేటర్ నవ్వితే, ఫారం సీ కాపీ అడగండి. నవ్వు ఆగుతుంది.

మల్కాజిగిరి_నాన్న
అందరికీ థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. సినిమాల ఆలోచన లేదు నల్లకోటు గారూ, అయినా సేవ్ చేసుకున్నా. రెండు ప్రశ్నలు. ఒకటి, అకాడమీ మంచిదో కాదో బయటివాడికి ఎలా తెలుస్తుంది? రెండు, ఫౌండేషన్ క్లాసులతో పాటు వారానికి ఎంత టైము?

తెరవెనక
ఒకటి: షో చూడొద్దు, రిహార్సల్ చూస్తానని అడగండి. వద్దంటే అక్కడితో ఆపేయండి. రానిస్తే ఒక గంట వెనక కూర్చుని ఇవి గమనించండి: చిన్న వేషం పిల్లలు ఏం చేస్తున్నారు, ఆడుకుంటున్నారా, చూస్తున్నారా? తప్పు చేసినప్పుడు మాస్టారు ఎలా ఆపుతున్నారు, అరుపులా, కారణం చెప్తున్నారా? ఈసారి హీరో వేసినవాడికి వచ్చేసారి ఏమిస్తారు అని అడగండి. "వాళ్ల పేరెంట్స్ స్పాన్సర్లు" అన్న వాసన వస్తే బయటికి వచ్చేయండి.

డబ్బు కడితే ఐదు నిమిషాల స్లాటు, శాలువా, మెమెంటో, ఒక బిరుదు ఇచ్చే కార్యక్రమాలు ఈ ఊళ్లో వారం వారం ఉంటాయి. హాలు పేరు పెద్దది, ప్రేక్షకులు మాత్రం తరువాతి పిల్ల అమ్మానాన్నలు. వాటికి పంపకండి. దానికి బదులు లామకాన్ లాంటి సాంస్కృతిక వేదిక మీదో, కాలనీ వినాయకుడి పందిట్లోనో కొత్తవాళ్ల ముందు చేయించండి. నచ్చకపోతే లేచి వెళ్లిపోయే ప్రేక్షకులు కావాలి.

హెచ్ఆర్_మాదాపూర్
రెండోదానికి: మామూలు రోజుల్లో వారానికి నాలుగైదు గంటలు చాలు. పదో తరగతి, ఇంటర్ ఏళ్లలో వారానికి ఒక్క క్లాసు మిగల్చండి, వేషాలు, పోటీలు ఆపండి. పూర్తిగా మాన్పించి రెండేళ్ల తరువాత మళ్లీ మొదలుపెట్టినవాళ్లు తక్కువ.

వాదన_వాసు
నేను ఇంకా సగమే ఒప్పుకున్నా. అమ్మాయికి ఇష్టం ఉందా అని ఇంతవరకు ఎవరూ అడగలేదు, నల్లకోటు గారి రూలు తప్ప.

మల్కాజిగిరి_నాన్న
అడిగా వాసు గారూ. నాటకం కావాలట, యాంకరింగ్ వద్దట. ఫౌండేషన్ గురించి అడిగితే మాట మార్చింది.

గల్లీ_డప్పు
మాట మార్చుడు గూడ అప్రస్తుత ప్రసంగమే అన్నా, పిల్ల తయారైతుంది.

కొత్త_సభ్యుడు_22
లేటుగా వచ్చా. పిల్లలు స్టేజీ మీద మొదటి నిమిషం వణికిపోతారు, చేతిలో కాగితం అల్లాడుతుంది. అది పోయే మార్గం ఏమన్నా ఉందా?

మాట_మైకు
వణుకు పోదు, పెద్దవాళ్లకూ పోదు. ఎక్కువగా మొదటి నిమిషం రెండు నిమిషాల్లో దానంతట అదే దిగుతుంది, ఆ సంగతి పిల్లకు ముందే చెప్పాలి. మొదటి రెండు వాక్యాలు నిద్రలో లేపినా వచ్చేలా ఉండాలి. ఎక్కే ముందు ఊపిరి పీల్చడం మీద కాదు, మెల్లగా వదలడం మీద దృష్టి పెట్టించండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ, నాలుగైదు సార్లు. పల్చటి కాగితం బదులు పోస్టుకార్డు సైజు అట్ట ఇవ్వండి, చెయ్యి వణికినా వెనక వరసకు కనపడదు. కార్డ్‌లెస్ మైకైతే షోకి ముందు కొత్త సెల్లు వేయించండి. పిల్ల సర్దుకున్న మూడో నిమిషంలో మైకు చచ్చిపోవడం మా ఫీల్డులో చాలా మామూలు.